బొంబాయి-8

మా భైంసా ఉన్నచోటి నుంచి కదలలేదు. జిల్లాలే దాని మీదుగా నడిచిపోయాయి. నిజాం కాలంలో మాది నాందేడ్ జిల్లా. 1956 నవంబరు 1న రాష్ట్రాలను భాషల వారీగా పంచినప్పుడు ముధోల్, భైంసా, కుభీర్ సర్కిళ్ళు ఆంధ్రప్రదేశ్ వాటాకు వచ్చి ఆదిలాబాద్ జిల్లాలో కలిశాయి. 2016 అక్టోబరు నుంచి నిర్మల్ జిల్లా. ఇన్ని మార్పులు జరిగినా మా బజారు పద్ధతి మాత్రం మారలేదు. పత్తి బేరం మరాఠీలో, బట్టల బేరం ఉర్దూలో, పోట్లాట తెలుగులో. నేను బడిలో తెలుగు అక్షరాలు దిద్దుకుంటూనే, మా వీధి చివరి కిరాణా కొట్టులో వేలాడే మరాఠీ క్యాలెండరు చూసి దేవనాగరి అంకెలు నేర్చేసుకున్నాను. అదేమీ గొప్ప విద్య అనుకోలేదు సుమండీ. కానీ ఆ అంకెలే ఒకనాడు నన్ను బొంబాయిలో తప్పిపోకుండా కాపాడాయి.

1995 నుంచి ముంబయి అంటున్నారు. మంచిదే. నేను వెళ్ళింది మాత్రం 1986లో. మా ఇంట్లో ఎప్పుడూ అన్నది బొంబాయే. కనుక అలాగే రాస్తాను.

మా బాపు అక్కను, అంటే మా మేనత్తను, బొంబాయిలో ఉండే సంబంధానికి ఇచ్చారు. ఆమెకు బాపు నెలకో కార్డు రాసేవాడు. చిరునామాలో మామయ్య పేరు, గల్లీ నంబరు, దాని కింద 'బొంబాయి-8'. అంతే. చిన్నప్పుడు నేను బొంబాయిలు చాలా ఉంటాయనీ, మా అత్తమ్మ ఎనిమిదో బొంబాయిలో కాపురం ఉంటుందనీ అనుకునేదాన్ని. 1972లో పిన్‌కోడ్లు వచ్చాక ఆ ఎనిమిది 400008 అయింది. అప్పుడు కూడా బాపు పేటపేరు రాయలేదు. ఎవరైనా అడిగితే 'నాగపాడా దగ్గర' అనేవాడు. పెద్దదాన్నయ్యాక తెలిసింది, ఆయన మింగేస్తున్న పేరేమిటో. కామాటిపురా.

ఆ పేరు వినగానే మీ మొహం ఎలా మారిందో నేను ఊహించగలను. మాకూ అలాగే మారేది.

1986 శీతాకాలంలో అత్తమ్మకు ఒంట్లో బాగాలేదని ఉత్తరం వచ్చింది. అప్పటికి మామయ్య పోయి ఏడాది. పిల్లలు లేరు. బాపుకు మోకాళ్ళ నొప్పులు. అన్నయ్యలకు పత్తి తీతలు. మావారికి సెలవు లేదు. నేను టీచరుద్యోగంలో ఉన్నాను, సెలవు దొరికింది. 'ఒక్కతే బొంబాయా!' అని మా అత్తగారు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. బాపు మాత్రం, 'పోయి తోలుకరా బిడ్డా, ఆఖరి దినాలు ఈడ గడుపుతది' అన్నాడు.

భైంసా నుంచి బాసరకు బస్సు, బాసరలో రైలు. ఇప్పుడైతే దేవగిరి ఎక్స్‌ప్రెస్ బాసర మీదుగా తిన్నగా ముంబయి చేరుస్తుంది. అప్పుడది మీటర్‌గేజి లైను. 1900 ప్రాంతంలో హైదరాబాద్–గోదావరి లోయ రైల్వేవాళ్ళు వేసినది. మన్మాడ్ దాకా చిన్న బండిలో ఊగుతూ పోయి, అక్కడ ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని పెద్ద బండికి మారాలి. ఆ చలిలో మన్మాడ్ ప్లాట్‌ఫారం మీద పెట్టె మీద కూర్చుని, నాకంటే ముందు ఈ దారిన పోయినవాళ్ళ గురించి ఆలోచించాను. రైలే లేని రోజుల్లో పోయినవాళ్ళ గురించి.

మన తెలుగులో ప్రయాణం అనగానే ఏనుగుల వీరాస్వామయ్యగారు గుర్తుకు వస్తారు కదా. మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే 18న బయలుదేరి, హైదరాబాద్ దాటి, మా నిర్మల్ మీదుగానే నాగపూరు దారి పట్టి కాశీ వెళ్ళారు. 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు. వెంట దాదాపు వందమంది పరివారం. దారిలో చూసినవన్నీ స్నేహితుడికి జాబులుగా రాశారు. అవే తరువాత పుస్తకమై నేటికీ చదువుకుంటున్నాం. ఆయన నిర్మల్ దాటడానికి పాతికముప్ఫై ఏళ్ళ ముందే నిజాం సీమ నుంచి కూలీలు గుంపులు గుంపులుగా పడమటికి నడిచారు. వాళ్ళకు పరివారం లేదు, పల్లకీ లేదు. పార, గంప, చంకలో పిల్ల. వాళ్ళు జాబులు రాయలేదు. రాయడం వస్తే కదా! వాళ్ళకు మిగిలిన పుస్తకమల్లా ఒక పేట పేరు.

కామాటి అంటే మనకు మట్టిపని, కట్టుబడి పని చేసే కూలీ. బొంబాయి అప్పటికి సరిగ్గా ఊరు కూడా కాదు, ఏడు దీవులు. పోర్చుగీసువాళ్ళు 1661లో తమ రాకుమారిని ఇంగ్లండు రాజు రెండవ చార్లెస్‌కు ఇస్తూ దాన్ని అరణంగా రాసిచ్చారు. (ఆడపిల్ల పెళ్ళికి ఊళ్ళు రాసివ్వడం అక్కడా ఉందన్నమాట.) ఆయన దాన్ని 1668లో ఏడాదికి పది పౌన్ల అద్దెకు ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. దీవుల మధ్య పోటు వచ్చినప్పుడల్లా సముద్రం లోపలికి జొరబడేది. మహాలక్ష్మి దగ్గరి గండిని హార్న్‌బీ అనే గవర్నరు కాలంలో, 1784 నాటికి, పెద్ద కట్టతో మూశారు. దాంతో లోపలి పర్రభూములు మెల్లగా ఆరాయి. ఆరిన బురదను పూడ్చి, చదును చేసి, గోడలు లేపడానికి మనుషులు కావాలి. 1795 ప్రాంతం నుంచి మన కామాటివాళ్ళు అక్కడ గుడిసెలు వేసుకున్నారు. అదీ కామాటిపురా. ఊరు కట్టినవాళ్ళ పేరు నిలబడిన పేటలు మన దేశంలో ఎన్ని ఉంటాయి చెప్పండి? కట్టించినవాళ్ళ పేర్లే గదా ఎక్కడ చూసినా.

నేను ఎక్కిన బండి కసారా ఘాట్ దిగుతున్నప్పుడు తెల్లవారింది. ఈ కనుమ దారిలో రైలు నడిచింది 1865లో. పూనా వైపు భోర్ ఘాట్ రెండేళ్ళ ముందే పూర్తయింది. ఆ భోర్ ఘాట్ కథ ఒకటి చెప్పకుండా ఉండలేను. 1859లో ఆ కాంట్రాక్టు తీసుకున్న ట్రెడ్‌వెల్ దొర ఓడ దిగిన కొద్ది రోజులకే జబ్బుచేసి పోయాడు. భార్య ఆలిస్ ట్రెడ్‌వెల్ పెట్టె సర్దుకుని వెళ్ళిపోకుండా, ఇంజనీర్లను పెట్టుకుని తానే ఆ పని ముగింపజేసింది. ఒక దశలో నలభైవేలమందికి పైగా కూలీలు పనిచేశారట. ఒక్కతే బొంబాయా అని దిగులుపడ్డ మా అత్తగారికి తిరిగి వచ్చాక ఈ కథ చెప్పాను. 'అది దొరసాని, దానికేం!' అంది.

దాదర్‌లో నన్ను దింపుకోవడానికి నా స్నేహితురాలు వచ్చింది. నాందేడ్ పిల్ల. టీచరు ట్రైనింగులో నా గదిలోనే ఉండేది. పెళ్ళయి దాదర్ చాల్‌లో ఒక గదిలో ఆరుగురితో కాపురం. నాకంటే రెండేళ్ళు పెద్దది కనుక తాయి అనేదాన్ని. మరాఠీలో అక్క. ఆ గదిలో ఏడో మనిషిగా నన్ను ఎక్కడ పడుకోబెట్టిందో ఇప్పటికీ నాకు లెక్క తేలదు. మొదటిరోజు నాకు బొంబాయి చదువు చెప్పింది. దాదర్‌లో రెండు రైల్వేలు ఉన్నాయనీ, వంతెనకు ఇటు దిగితే ఒక లోకం, అటు దిగితే ఇంకో లోకమనీ, స్లో బండి అన్నిచోట్లా ఆగుతుందనీ, ఫాస్ట్ బండి ఆగదనీ, ఆడవాళ్ళ పెట్టె ప్లాట్‌ఫారం మీద ఎక్కడ ఆగుతుందో నిలబడ్డ ఆడవాళ్ళ గుంపును చూసి పోల్చుకోవాలనీ చెప్పింది. ఆ పెట్టెలో నాలుగు స్టేషన్లు వెళ్ళామో లేదో, ఎదుటి సీటావిడ బఠాణీకాయల సంచీ నా ఒళ్ళోకి కూడా జరిపింది, ఒలవమని. పేరు అడగలేదు, ఊరు అడగలేదు. నేను ఒలిచాను. ఇంటికి చేరేలోగా ఆమె కూర సగం అయిపోయింది. ఆడవాళ్ళకోసమే మొత్తం బండి నడపడం 1992లో చర్చిగేట్ వైపు మొదలైందట. నేను వెళ్ళినప్పుడు మాకు దక్కినవి పెట్టెలు మాత్రమే.

బస్సుల సంగతి అయితే నాకు చెప్పనక్కర్లేకపోయింది. బెస్ట్ బస్సు నుదుటి మీద నంబరు అప్పట్లో దేవనాగరి అంకెల్లో ఉండేది. మద్రాసు నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి సూటు వేసుకుని అది చదవలేక దిక్కులు చూస్తుంటే నేను చదివి చెప్పాను. మా కిరాణా కొట్టు క్యాలెండరుకు మనసులో దండం పెట్టుకున్నాను.

రెండో రోజు తాయికి బడి. ఒక్కదాన్నే వెళ్ళాలి. ఎక్కడికని అడిగితే బాపు చెప్పినట్టే 'నాగపాడా' అన్నాను. తాయి నా మొహంకేసి ఒక క్షణం చూసి, బస్సు నంబరు చెప్పి ఊరుకుంది. బస్సులో మాత్రం, ఎక్కడ దిగితే దగ్గరో తెలియక, కండక్టరును కామాటిపురా ఎక్కడ అని అడిగాను. అతను నన్ను పైనుంచి కిందికి చూశాడు. చేతిలో ట్రంకు గుర్తులింకా మాయలేదు, నూలు చీర, నుదుట పెద్ద బొట్టు. తరువాత వంగి, మెల్లగా, 'బాయీ, నాగపాడా మ్హణా' అన్నాడు. నాగపాడా అనమ్మా అని. మంచి మాటే చెప్పాడు. అయినా నా చెవులు కాలాయి.

ఆ పేరు ఎలా పాడైందో చెప్పాలి. కట్టుబడి కూలీలకు వేసిన చవక పేటలోకి, పందొమ్మిదో శతాబ్దం చివరి నాటికి, దొరల పోలీసులు మరో వ్యాపారాన్ని తోలి పోగుచేశారు. పెద్దమనుషుల వీధుల్లో కనబడకూడదని, తమ సిపాయిలకూ నావికులకూ మాత్రం అందుబాటులో ఉండాలని. మొదట్లో యూరపు నుంచి, జపాను నుంచి తెచ్చిన ఆడవాళ్ళు కూడా అక్కడ ఉండేవారు. తెల్లవాళ్ళున్న వీధిని సఫేద్ గల్లీ అనేవారు. తరువాత ఏ కరువు దేశం నుంచి ఆడపిల్లలు వచ్చారో, ఎవరు తెచ్చారో, అదంతా వేరే చరిత్ర. కామాటివాళ్ళ ఇళ్ళు పక్క గల్లీల్లో అలాగే ఉన్నాయి. పేరు మాత్రం ఇల్లు కట్టినవాడిది, అపకీర్తి మరొకడు తెచ్చిపెట్టినది.

గల్లీలకు నంబర్లే. నేను ఒక మలుపు తప్పు తిరిగాను. పట్టపగలు పదకొండు గంటలు. గుమ్మాల దగ్గర ఆడవాళ్ళు తలలు దువ్వుకుంటున్నారు, బియ్యం ఏరుకుంటున్నారు. ఎక్కడికి వచ్చానో తెలిసి కాళ్ళు నిలిచిపోయాయి. ఎవరినీ చూడకుండా వెనక్కి తిరగబోతుంటే, వెనక నుంచి తెలుగు వినబడింది.

'ఎటు పోవాలె అక్కా?'

ఇరవై ఏళ్ళుంటాయేమో. చేతిలో చేట. నా చేతిలోని కార్డు మీద తెలుగు అక్షరాలు చూసిందట. గల్లీ నంబరు చెప్పాను. 'గటు గాదు, నా ఎంట రా' అని ముందు నడిచింది. ఎవడో ఏదో అంటే వాడికేసి ఒక మాట విసిరింది. వాడు నోరు మూసుకున్నాడు. నడుస్తూనే, 'ఏ ఊరక్కా?' అంది. నేను చెప్పాను.

'బాసర.'

ఎందుకలా అన్నానో! భైంసా అంటే ఆమె మా ఇల్లు పోల్చుకుంటుందనా? నా పేరుకు ఆమె పేరు అంటుకుంటుందనా? 'అట్లనా! మాది గా దిక్కే' అని ఆమె మొహం విప్పారింది. ఏ ఊరని నేను అడగలేదు. గల్లీ చివర ఆగిపోయి, 'గా నల్లా కాడ ఎడమకు తిరుగు. నేను గాడికి రాను. ఇండ్లోళ్ళు ఉంటరు' అంది. నేను థాంక్స్ కూడా చెప్పానో లేదో గుర్తులేదు.

నల్లా దగ్గర ఎడమకు తిరిగితే ఇంకో లోకం. గుమ్మాలకు పసుపు, అరుగు మీద తెలుగులో గొడవపడే ఇద్దరు ముసలాళ్ళు. అత్తమ్మ మంచం మీద ఉంటుందనుకుని వెళ్ళానా, పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టెలు కొడుతోంది. ఆమెది ఖానావళ్. మిల్లు కూలీలకు నెలవారీ భోజనం పెట్టే ఇల్లు. బొంబాయిలో 1850లలో మొదటి బట్టల మిల్లు వెలిసిన తరువాత, కామాటివాళ్ళ వెనకే కరీంనగర్ వైపు నుంచి నేతగాళ్ళు రావడం మొదలుపెట్టారు. వర్లీలో, నాయగావ్‌లో సర్కారు 1920లలో కట్టిన బీడీడీ చాళ్ళలో, భివండీ మగ్గాల షెడ్లలో వాళ్ళే. గదికి పదిమంది మగవాళ్ళు, పెళ్ళాం ఊళ్ళో. అన్నం ఎవరు వండుతారు? మా అత్తమ్మలాంటివాళ్ళు. కొత్తగా బండి దిగిన కుర్రాడి జేబులో ఉండే చిరునామా బంధువుది కాదు, ఖానావళ్‌ది. అక్కడే పని ఎక్కడ దొరుకుతుందో తెలిసేది, ఊరికి పంపాల్సిన కార్డు రాసిపెట్టేది, జ్వరం వస్తే గంజి దొరికేది. ఇలాంటి ఆడవాళ్ళంతా ఎన్ని వేలమందికి వండిపెడుతున్నారో ఎవరికీ లెక్కలేని రోజుల్లో, 1975లో దాదర్‌లో ప్రేమా పురవ్ అన్నపూర్ణ మహిళా మండలి పెట్టి వాళ్ళకు బ్యాంకు అప్పులు ఇప్పించడం మొదలుపెట్టింది.

1982 జనవరి 18న మిల్లుల సమ్మె మొదలైంది. రెండున్నర లక్షలమంది. అది గెలిచి ముగియలేదు, ఓడి ఫలానా రోజున ముగిసిందనీ చెప్పలేం. నేను వెళ్ళేనాటికి అత్తమ్మ దగ్గర బాకీల నోటుపుస్తకం మూడంగుళాల మందం. 'ఎన్నటికిస్తరు అత్తమ్మా?' అంటే, 'ఇస్తరో ఇయ్యరో, తిన్నరు గద' అంది.

తోలుకరమ్మన్నాడని బాపు మాట చెప్పాను. ఆమె రొట్టె తిప్పుతూ, 'నేను రాను బిడ్డా. ఈడ పదకొండు మంది తింటరు. ఆడికొస్తె నన్నెవరికి ఏమని చెప్తరు? నాగపాడా అని చెప్తరా?' అంది.

నేను తల దించుకున్నాను. దారి చూపించిన పిల్ల సంగతి చెప్పాను. బాసర అన్న మాట చెప్పలేదు. 'గా పొల్లగాళ్ళు నా తాన్నే రొట్టెలు కొంటరు. మంచిగ పైసలిస్తరు. మిల్లోళ్ళ కంటె నయం' అని నవ్వింది.

ఆ రాత్రి తాయికి అంతా చెప్పాను. ఆమె కోపం తెచ్చుకుంది. నా మీద, కామాటిపురా అని తనతో కూడా చెప్పనందుకు. 'మీవాళ్ళెవరో నీకు తెలియదా?' అని మొదలుపెట్టింది. జోతీరావు ఫూలే 1873లో సత్యశోధక సమాజం పెట్టాక, బొంబాయిలో దానికి గట్టి అండగా నిలిచినవాళ్ళలో తెలుగువాళ్ళున్నారు. జాయా కారాడి లింగూ, వ్యంకూ బాలాజీ కాలేవార్ వంటివాళ్ళు. కూలీలుగా వచ్చిన జాతిలోంచి రెండుమూడు తరాల్లో కాంట్రాక్టర్లయినవాళ్ళు. ఫూలే కూడా కాంట్రాక్టు పనులు చేసినవాడే గదా, మాట కలిసింది కాబోలు. ఫూలేకు మహాత్మ బిరుదు ఇచ్చింది కూడా 1888లో, బొంబాయిలోనే. ఆయన భార్య సావిత్రీబాయి 1848లో పూనాలో ఆడపిల్లలకు పాఠాలు చెప్పడం మొదలుపెట్టకపోతే, తాయి లేదు, ఆమె ఉద్యోగం లేదు, ట్రైనింగులో మా ఇద్దరికీ ఒక గది లేదు. ప్లేగు రోజుల్లో రోగులకు సేవచేస్తూ ఆ జబ్బుతోనే 1897లో సావిత్రీబాయి పోయింది. ఇవన్నీ తాయి ఒక్క ఊపిరిలో చెప్పింది. నాగపాడా అన్నందుకు నన్ను ఆమె క్షమించడానికి ఇంకో రోజు పట్టింది.

మర్నాడు తాయి బడి మానేసి నాతో వచ్చింది. పెద్ద గొంతుతో కండక్టరును 'దోన్ కామాటిపురా' అని టిక్కెట్లు అడిగింది. బస్సంతా తిరిగి చూసింది. తప్పు తిరిగిన గల్లీ దగ్గర నేను ఆ పిల్ల కోసం వెతికాను. చేట అక్కడే గోడకు ఆనించి ఉంది, పిల్ల లేదు. పేరు తెలియదు గనుక ఎవరినీ అడగలేకపోయాను.

ఇప్పుడు ఆ గల్లీల్లో పాత వ్యాపారం బాగా తగ్గిపోయింది. చిన్న చిన్న కార్ఖానాలు వచ్చాయి. పాత ఇళ్ళు పడగొట్టి కొత్తవి కట్టాలనే పథకం నడుస్తోంది. బొంబాయి కార్పొరేషను బడుల్లో తెలుగు మీడియం ఇంకా ఉంది గానీ పిల్లలే తగ్గిపోతున్నారు. మా అత్తమ్మ 1994లో పోయింది, ఆ పొయ్యి ముందే.

నేను ఒక్కదాన్నే తిరిగి వచ్చేసరికి బాపు అరుగు మీద ఎదురుచూస్తున్నాడు. జరిగింది చెప్పాను. చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత కార్డు తెప్పించి నా చేతికిచ్చి, 'నా చేయి వణుకుతంది, నువ్వు రాయి' అన్నాడు. అత్తమ్మ పేరు రాశాను. గల్లీ నంబరు రాశాను. ఆగాను. 'రాయి, పూర పేరు రాయి' అన్నాడు. కామాటిపురా అని రాస్తుంటే అద్దాలు సర్దుకుని వంగి చూసి, 'మా మీద దీర్ఘం అచ్చిందా?' అన్నాడు. వచ్చింది. కింద, పంపినవారి చిరునామా దగ్గర, భైంసా అని రాశాను.